దడి

గోప్యత అన్నాను.
సత్యవేణికి అర్థం కాలేదు.
ప్రైవసీ అన్నాను. అదీ కాలేదు.
నర్సాపురం కోర్టు మెట్ల పక్కన
జెరాక్సు కొట్టు రేకు నీడలో
ఒళ్ళో సగం అల్లిన లేసు, వేలికి చుట్టిన దారం,
కాసేపు ఆలోచించి తనే అంది:
"దడి అనండి మేడంగారూ.
నీళ్ళోసుకునే కాడ కొబ్బరాకులతో కడతాం చూడండి,
ఆ దడి."

ఇరవై ఆరేళ్ళ ప్రాక్టీసు నాది.
గట్టు తగాదాలు, చేపల చెరువు లీజులు, చెల్లని చెక్కులు.
ఆ మాట ఏ తీర్పులోనూ చదవలేదు.

తను చెప్పినట్టు చెబితే జరిగింది చిన్నదే.
పన్నెండువేలు అప్పు. ఫోనులో యాప్ ఇచ్చింది.
ఇచ్చేముందు అడిగింది,
నీకు తెలిసినవాళ్ళ నంబర్లు చూడొచ్చా,
ఫొటోలు చూడొచ్చా అని.
నొక్కింది. లేసు ఏజెంటు డబ్బులివ్వక మూడు వారాలు,
ఎవరైనా నొక్కుతారు.
వాయిదా తప్పిన తొమ్మిదో రోజున
ఆమె మొహం ఎవరి ఒంటికో అతికించి
మొగల్తూరు ఆడపడుచు మొదలు
గ్యాసు బండ తెచ్చే కుర్రాడి దాకా
నూట నలభైమందికి పంపారు.

కొత్త చట్టం వచ్చిందని చెప్పాను.
తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా
ఇది బతుకులోనే ఉన్న హక్కన్నారని,
ఆరేళ్ళకి పార్లమెంటు చట్టం చేసిందని,
మరో రెండేళ్ళకి నియమాలు రాశారని,
అసలు సెక్షన్లు పారడానికి ఇంకొన్నాళ్ళు పడుతుందని.
"మా శివారు కాలవలాగన్నమాట."
అవును. ధవళేశ్వరంలో నీళ్ళున్నాయి.
లాకులెత్తాలి.

జరిమానా ఎంతని అడిగింది.
రెండొందల యాభై కోట్ల దాకా.
సూది ఆగింది.
"అందులో నాకేటొస్తాదండి?"
ఏమీ రాదు. సర్కారు ఖజానాకి పోతుంది.
ఫిర్యాదు ఉత్తదని తేలితే
నీకే పదివేల దాకా పడొచ్చని కూడా చెప్పాలి.
చెప్పాను.
నవ్వింది.
ఆ నవ్వుని వాంగ్మూలంలో ఎలా రాయాలో తెలీలేదు.

మా సీనియరు భద్రిరాజుగారి బీరువాలో
చెదలు దయతో వదిలేసిన ఈజ్‌మెంటు చట్టం ఉంది,
పద్దెనిమిది వందల ఎనభై రెండు నాటిది.
అందులో ఓ ఉదాహరణ:
ఊరి ఆచారం అదైతే
పక్కింటివాళ్ళ మరుగు చెడేలా
ఎవరూ కొత్త కిటికీ తెరవకూడదు.
పెన్సిలుతో అడ్డగీత కూడా ఉంది, ఎవరు గీశారో.
ఆ కిటికీ అయితే ఇటికలతో మూయించగలను.
ఇది ఏ గోడకుందో, ఏ దేశపు గోడో
టౌన్ సీఐకీ తెలీదు, నాకూ తెలీదు.

ప్రస్తుతానికి పాత ఐటీ చట్టమే పడవ.
చిల్లులున్నాయి, ఎక్కాం.
ఫిర్యాదుకి ఆ ఫొటో జతచేయాలి. అనుబంధం రెండు.
నా గుమాస్తా చూస్తాడు, టైపిస్టు చూస్తుంది,
స్టేషన్లో రైటరు, కోర్టులో బెంచి క్లర్కు,
అవతలి వకీలు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూస్తాడు.
దడి కట్టుకోడానికి
మిగిలిన నాలుగాకులూ మనమే పీకి ఇవ్వాలి.
కవరులో పెట్టి లక్క వేశాను.
వేలు కాలింది.

సాయంత్రం బస్సుకి లేస్తూ
దారం ఉండ సంచిలో వేసుకుంటూ అడిగింది:
"మొన్న మీకు వాట్సాప్‌లో పెట్టానుగా ఆ బొమ్మ,
తీసేశారా అండి?"

తీయలేదు.
మా వాడి మార్కుల లిస్టుకీ
అంతర్వేదిలో తీసుకున్న ఫొటోలకీ మధ్య
అక్కడే ఉంది.
తన ఎదురుగానే నొక్కాను.
ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంచుతానంది ఫోను,
మళ్ళీ కావాలంటే ఇస్తుందట.

నా భుజం మీంచి చదివింది సత్యవేణి, అక్షరం అక్షరం కూడబలుక్కుని.
"ఆ బుట్టెక్కడుందండి?"

పేరుపాలెం బస్సు హారను కొడుతోంది.
నేనింకా వెతుకుతున్నాను.